మీసం పందెం

"దిగేస్తాడు సూడండి! ఈ పొద్దు మాపటికంతా దిగేస్తాడు!"

గొడుగు పెద్దాయన మళ్ళీ మొదలుపెట్టాడు. ఆనందమ్మ చేతిలోని టీగిన్నెను ఠంగుమని పొయ్యిమీద పెట్టింది.

పాకాల రైల్వేస్టేషన్ పక్క మైదానంలో వెంకటముని సైకిలెక్కి అది ఐదో రోజు. ఏడో రోజు సాయంత్రం దాకా కాలు నేలకు ఆన్చకుండా గుండ్రంగా తిరుగుతూనే ఉండాలి. తిండి సైకిలు మీదే. స్నానమూ సైకిలు మీదే. ఊరి కుర్రాళ్ళు బిందెలతో వెంట పరిగెత్తి నీళ్ళు గుమ్మరిస్తారు. మైకుసెట్టు సుందరరాజు రికార్డు పాటల మధ్య గొంతు చించుకుంటుంటే, కాట్పాడి బండి కోసం వచ్చినవాళ్ళు కూడా బండిని వదిలేసుకుని చూస్తూ నిలబడిపోతున్నారు.

మైదానం అంచునే ఆనందమ్మ టీ అంగడి. గ్లాసు పట్టుకుని సైకిలు పక్కన గబగబా నడుస్తూ వెంకటమునికి టీ అందించేది ఆమే. అలా నడుస్తున్నప్పుడే ఆమె ఒక సంగతి కనిపెట్టింది. కుడి మోకాలు పైకి లేచినప్పుడల్లా అతను పళ్ళు బిగిస్తున్నాడు.

"ఏందప్పా, కాలు నొప్పా?"

"కాలు గాదక్కా, తుంటి. మూడేండ్లుగా ఇట్లే వేధిస్తా ఉండాది. పోయిన తడవ పలమనేరులో పట్టేసింటే నడిమధ్యలోనే దిగేసినాను. అప్పట్నించి ఏ ఊరోళ్ళూ పిలవలా. మీరే ధైర్యం జేసి పిలిచినారు. ఈడ గూడా దిగితే ఇంక ఈ సైకిలు అటకెక్కాల్సిందే."

"అంత కష్టమైతే ఇంకో పని సూసుకోగూడదా?"

"కింద నడిస్తే నన్నెవురు సూస్తారక్కా? దీనిమీద కూసుంటేనే నేను రాజును."

ఖాళీ గ్లాసు ఇస్తూ నవ్వాడు. ఆ నవ్వుకే ఆనందమ్మ మనసు కరిగింది. మరుసటి గ్లాసు నుంచి అతని టీలో అల్లం రెండింతలు పడింది.

కానీ ఆ పెద్దాయన ఉన్నాడే! ఏ ఊరివాడో ఎవరికీ తెలియదు. పొద్దున్నే వచ్చి గొడుగు వేసుకుని ముందు వరసలో కూర్చుంటాడు. చెంపల దాకా మెలితిప్పిన తెల్లమీసం. వెంకటముని చక్కగా తొక్కినంతసేపూ నోరు మెదపడు. సైకిలు కాస్త తూలిందా, అతని మొహం ముడుచుకుందా, సరిగ్గా అప్పుడే గొంతు లేస్తుంది. ఎదుటివాడి బాధ చూసి సంబరపడే రకం అనుకుంది ఆనందమ్మ.

"కుడితుంటి పనైపోయిందిరోయ్! గానుగెద్దు గూడా వీడికంటే మేలు!"

వెంకటముని గుర్రుగా ఆ వైపు చూశాడు. సైకిలు జోరందుకుంది.

ఆనందమ్మకు ఒళ్ళు మండింది. అంగడి వదిలేసి వెళ్ళి గొడుగు ముందు నిలబడింది.

"తుంటి అని నీకెవురు జెప్పినారయ్యా?"

"తొక్కేది సూస్తే తెల్లా? కండ్లుండాయి గదమ్మా."

"కండ్లుండాయి, జాలే లేదు. నీకు నా అంగట్లో టీ లేదు, పో!"

"లేకపోతే పాయె. వాడు దిగేది సూసి, మా ఊరికి పోయి తాగుతాలే."

ఆరో రోజు ఎండ నెత్తిన నాట్యమాడింది. మధ్యాహ్నం వెంకటముని కుడికాలు పెడలు మీంచి జారి గాల్లో వేలాడింది. ఒంటికాలితో రెండు చుట్లు తిరిగాడు. సైకిలు నడకకంటే నెమ్మదైంది. సుందరరాజు రికార్డు ఆపేశాడు.

పెద్దాయన లేచి గొడుగు మడిచాడు.

"అందరూ ఇనండి! వీడు రేపు మాపటిదాకా తొక్కితే ఈ మీసం తీసేస్తా! మా తాత కాలం నించి మా ఇంట్లో మీసానికి కత్తి తగల్లా!"

ఊరు భగ్గుమంది.

"దిగొద్దన్నా! ఆ మీసం మాకు గావాల!" స్టేషన్ కూలీలు, బడి పిల్లలు, బండి దిగినవాళ్ళు అంతా సైకిలు వెంటపడి పరుగెత్తారు. సుందరరాజు మైకు అందుకున్నాడు. "సెలూను చిన్నబ్బ ఎక్కడున్నా, కత్తి నూరుకుని రేపు సాయంత్రం మైకు దగ్గరికి రావలెను!"

వెంకటముని పకపకా నవ్వాడు. ఆ నవ్వులోనే కాలు మళ్ళీ పెడలును వెతుక్కుంది.

ఏడో రోజు సాయంత్రం అతన్ని దించడానికి నలుగురు కావలసివచ్చింది. కాలు చాపలేకపోతున్నాడని తెలిసి సైకిలు మీంచి నేరుగా భుజాలకెత్తుకున్నారు. దండలు మెడలో పట్టలేదు. వేడుక చూడటానికి వచ్చిన పీలేరు, పుత్తూరు పెద్దలు అక్కడికక్కడే తమ ఊళ్ళకు పిలిచారు.

అటుపక్క పెద్దాయన తానే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. చిన్నబ్బ కత్తి ఆడించిన ప్రతిసారీ జనం ఈలలు వేశారు. తలవంచుకుంటాడేమోనని చూసింది ఆనందమ్మ. వంచుకోలేదు సరికదా, ఇకిలించాడు.

"నున్నగా తియ్యప్పా. ఒక్క ఎంటిక గూడా మిగిలించొద్దు!"

"సిగ్గులేని మనిషి" అనుకుని ఆమె అంగట్లోకి నడిచింది.

జనం పలచబడ్డాక, చిక్కగా అల్లం టీ కాచి వెంకటముని డేరా దగ్గరికి తీసుకెళ్ళింది. గుడ్డ తప్పించి లోపలికి అడుగుపెట్టి, అక్కడే ఆగిపోయింది.

వెంకటముని చాపమీద బోర్లా పడుకుని ఉన్నాడు. నున్నటి పైపెదవితో పెద్దాయన పక్కనే గొంతుక్కూర్చుని, వేడి ఉప్పుమూటతో అతని తుంటికి కాపడం పెడుతున్నాడు.

"ఏందప్పా ఇది? ఈయనకేం పని ఈడ?" అంది ఆనందమ్మ.

వెంకటముని తలెత్తి చూశాడు.

"ఆయన మా నాయనక్కా."