మిగిలిపోయిన ఆమెన్

ఆమెన్ చెప్పని ప్రార్థన దేవుని దగ్గరికి చేరుతుందా అని ఏళ్లుగా నా అనుమానం. నా బిడ్డ షారోన్ ఆసుపత్రి మంచం మీద "ప్రభువా, మా తమ్ముణ్ణి" అంటూనే కన్నుమూసింది. ఆ మాట నేనొక్కదాన్నే విన్నాను. ఆమెన్ నా నోట్లోనే ఉండిపోయింది. వాక్యం ముగిసేదాకా ఆయన దానికి ఊపిరి ఉంచలేకపోయాడా?

అది పోయిన ఏళ్ల తర్వాత ఒక సాయంత్రం చీకటి పడ్డాక, నాకు మిగిలిన ఒక్క కొడుకు బెంజమిన్ అక్క ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కోడ్ రాస్తున్నాడు. కొట్టిన అక్షరం ఎంతకీ తెర మీదికి రావడం లేదు.

"అక్క లెక్కనే ఇది గూడ నిద్రమొద్దు," అని నవ్వి, కోడ్ రాసే ఎడిటర్‌కు తగిలించిన అదనపు ప్రోగ్రాములన్నీ తీసేశాడు. కొట్టకముందే తర్వాతి మాటను బూడిదరంగులో చూపించే ఏర్పాటునూ ఆపేశాడు. "సూడవ్వా, ఇప్పుడెట్ల ఉరుకుతుందో!"

ల్యాప్‌టాప్ లోపలి ఫ్యాను చప్పుడు ఆగిపోయింది. వాడి చేతులు ఒడిలోనే ఉన్నాయి. తెర మీద బూడిదరంగు అక్షరాలు వచ్చాయి. ప్రభువా, మా తమ్ముణ్ణి.

"గిదేందే అవ్వా? నేనైతే బంద్ చేసిన."

"మిగతాది గూడ వస్తదేమో. జర గట్టిగ సదువు బిడ్డా."

చూపించిన మాటను ఖాయం చేసే ట్యాబ్ మీటను వాడు నొక్కగానే మిగతా మాటలూ వచ్చాయి; వాటిని కుటుంబ ప్రార్థనలో చదివినట్టే మెల్లగా పైకి చదివాడు. "ప్రభువా, మా తమ్ముణ్ణి నా దగ్గరికి పంపు."

ప్రార్థన ముగియగానే ఆమెన్ అనడం నాకు పుట్టినప్పటి నుంచీ అలవాటు. ఏళ్లుగా షారోన్‌కు బాకీపడ్డ ఆ ఒక్క మాట, నేను ఆపుకునేలోపే నా నోట్లోంచి వెళ్లిపోయింది.