కళ్లు లేని ఇంజను

పట్టాల మీద మనిషి కనిపిస్తే కొత్త ఇంజన్లు వాటంతటవే ఆగిపోయేవి. ఆ సంగతి తెలిశాక దోపిడీ ముఠాలు అడ్డంగా నిలబడి, బండి ఆగగానే జనాన్ని నరికి దోచుకునేవి. అందుకే దూరప్రయాణపు బండ్లకు మళ్లీ పాత కరెంటు ఇంజన్లు తగిలించారు. వాటికి కళ్లు లేవు. ఆపడమో ఆపకపోవడమో డ్రైవరు చేతిలోనే ఉంటుంది.

ఆ ఉదయం కనకలత నడిపే బండికి కత్తులతో కొందరు అడ్డొచ్చారు. ముందున్నవాడు ఆమె మరిది రాజీరు, ఎప్పుడో ఇల్లు వదిలిపోయినవాడు. ఆమెను గుర్తుపట్టి చెయ్యెత్తాడు. "వదినా!"

వెనక పెట్టెల నిండా పిల్లాపాపలు. ఆమె హారను నొక్కిపట్టింది. మిగతావాళ్లు పక్కకు దూకేశారు. వదిన ఆపుతుందన్న నమ్మకంతో రాజీరు అక్కడే నిలబడ్డాడు. అద్దం పగిలి, అతని నెత్తురు ఆమె చొక్కా మీద చిమ్మింది. ఆమె బ్రేకు ముట్టుకోలేదు.

మధ్యాహ్నం ఇంట్లో భర్త ఓదెలు చారుకు పోపు పెడుతున్నాడు. ఆమె డ్యూటీ బట్టలు ఉతికేది ఎప్పుడూ అతనే. ఇవాళ చొక్కా అప్పటికే దండెం మీద నీళ్లు కారుతోంది.

"నువ్వు ఉతికినవా? సబ్బు యాడుంటదో ఎర్కేనా నీకు?" నవ్వాడు ఓదెలు. తర్వాత రోజూ అడిగేదే అడిగాడు. "మా తమ్ముడు ఏమన్న కనబడ్డడా?"

"వదినా అని పిలిచిండు," అంది కనకలత.

ఓదెలు చేతిలో గరిటెతోనే దండెం వైపు తిరిగాడు. పొయ్యి మీద పోపు మాడుతోంది.