సన్నజాజి వాసన

తబిత వంటింటి తలుపు గడియపెట్టి, పొయ్యి మీది గిన్నె దించింది.

కిటికీ అవతల పక్కింటి బేబీ గొంతు వినిపించింది. "ఏంటి వదినా, ఏం ఉడికిస్తున్నావు?"

"ఏం లేదు బేబీ," అంటూ తబిత కిటికీ రెక్క మూసేసింది.

రేపు పొద్దున్నే ఆమె భర్త జయపాల్ డ్యూటీలో చేరతాడు. జ్వరం తగ్గి వారమైంది. ఇంకో పది రోజులు సెలవు పెట్టమని ఎంత బతిమాలినా వినలేదు. నాకేం, గుండ్రాయిలా ఉన్నానన్నాడు. ఇక మాటలతో లాభం లేదు. ఈ కప్పుతోనే అంతా తేలిపోవాలి.

ఊలాంగ్ అనే ఆ చైనా టీ అంటే అనుమానించడని ఆమెకు తెలుసు. రామచంద్రపురం బజారులో చంద్రరావు కొట్టు కనిపెట్టింది జయపాలే. ఆన్‌లైన్‌లో వందలకు వందలు పలికే సరుకు అక్కడ వంద గ్రాములు నూట యాభైకే. జ్వరానికి ముందు ఇద్దరూ రోజూ తాగేవారు. ఉండ చుట్టుకున్న ఆకు వేడినీళ్ళలో మెల్లగా విచ్చుకునేది. ఇల్లంతా సన్నజాజుల వాసన. ఆ టీ సంగతి చెప్పి చెప్పి జయపాల్ ఆఫీసులో అందరి బుర్రా తినేశాడు.

గిన్నెలోది వడగట్టింది. రంగు అచ్చం అలాగే కుదిరింది. పైన విచ్చుకున్న ఆకులు రెండు తేల్చి, పట్టుకెళ్ళింది.

"నీకేదీ?" అన్నాడు జయపాల్.

"నేను తాగేశానండి."

అతను కప్పు ఎత్తాడు. ప్రభువా, తాగనివ్వకు అనుకుంది తబిత. చేతులారా చేసి ఇప్పుడీ ప్రార్థన ఏమిటో ఆమెకే తెలియలేదు. ఒక్కసారి మొహం చిట్లిస్తే చాలు, కప్పు లాక్కుని పారబోసి, కాళ్ళ మీద పడేది.

చిట్లించలేదు. ఒక గుక్క. ఇంకో గుక్క. ఆగి, కప్పులోకి చూశాడు.

"అదే సన్నజాజి వాసన," అన్నాడు. "చంద్రరావు సరుక్కి తిరుగులేదు."

చుక్క మిగల్చకుండా తాగి కప్పు చేతికిచ్చాడు. ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పాపిష్టి పని చేశాననిపించింది. అయినా, గుమ్మం పక్కన అతను సర్దిపెట్టుకున్న పనిసంచి తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. రేపు దానితో పనుండదు.

ఇంటింటికీ వెళ్ళి గ్యాస్ ఎక్కడ లీకవుతోందో వాసనతో పట్టాల్సిన మెకానిక్, సన్నజాజి వాసన అంటూ తాగింది ఉల్లిపొట్టూ వెల్లుల్లి తొక్కలూ మరిగించిన నీళ్ళు.