ఎదురింటి మూత

పొద్దున్నే కాలింగ్ బెల్ మోగింది.

శివపార్వతి తలుపు తీసింది. గుమ్మంలో తెల్లజుట్టు పెద్దాయన, చేతులూపుకుంటూ నిలబడి ఉన్నారు.

"అమ్మా, కాస్త చింతపండు ఉంటే పెడతారా?"

ఆయన పక్క ఫ్లాట్ యేసుకుమార్ వాళ్ళ నాన్న సంజీవరావు గారు. కొడుకుది ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపు. ఈయన నలభై ఏళ్ళు ఎక్కడో సముద్రం నడుమ దీవుల్లో మిషనరీగా ఉండి, పది రోజుల క్రితమే వచ్చారట.

మిషనరీ అంటే మతం మాట ఎత్తుతాడేమోనని ఆమె తలుపు సగమే తెరిచింది. ఆయన చింతపండు తప్ప ఇంకో మాట ఎత్తలేదు.

ఆమెకే ఉండబట్టలేదు. "అన్నేళ్ళు అక్కడ ఏం చేసేవాళ్ళండీ?"

"పడవెక్కి ఈ దీవి నుంచి ఆ దీవికి తిరిగేవాణ్ణమ్మా. వెళ్ళిన చోటల్లా ఏదో ఒకటి అడిగి పుచ్చుకునేవాణ్ణి."

"చోద్యం! ఇవ్వడానికి వెళ్ళినవాళ్ళు అడగడమేంటండీ?"

"మూటలు మోసుకొచ్చేవాణ్ణి చూస్తే ఎవరికైనా అనుమానమేనమ్మా. ఖాళీ చేతులతో వెళితే చాప వేసి కూర్చోమంటారు."

ఆమె ఇచ్చిన చింతపండు గిన్నె అందుకుని ఆయన ఎదురు తలుపు వైపు చూశారు. "అక్కడెవరుంటారు? రెండు గుమ్మాల మీదా ఇంటిపేరు ఒకటే ఉందే!"

"ఎవరో ఉంటార్లెండి," అంది శివపార్వతి మూతి తిప్పుకుని.

ఎవరో కాదు, సాక్షాత్తూ తోటికోడలు సంపూర్ణమ్మ! అన్నదమ్ములిద్దరూ ముచ్చటపడి పటమటలో ఎదురెదురు ఫ్లాట్లు కొన్నారు. నాలుగేళ్ళ క్రితం సత్యనారాయణ వ్రతానికి, ఎదురిల్లే కదా అని శివపార్వతి బొట్టు పెట్టి పిలవకుండా గుమ్మంలోంచే కేకేసింది.

"కేకేస్తే రావడానికి నేనేమన్నా కూరగాయల బండినా?" అని సంపూర్ణమ్మ తలుపేసుకుంది.

అంతే, అప్పట్నుంచీ మాటల్లేవు. అన్నదమ్ములు కింద పార్కింగ్‌లో కబుర్లాడుకుని, లిఫ్టెక్కగానే మూగనోము పట్టేవారు.

ఇప్పుడు శివపార్వతి కూతురు కీర్తన పెళ్ళి పన్నెండు రోజుల్లోకి వచ్చింది.

"పెద్దమ్మ రాకపోతే నేను పీటల మీద కూర్చోను," అని ఆ పిల్ల తెగేసి చెప్పింది.

చెప్పడం తేలికే. ఆ నాలుగడుగులూ ముందు వేసేదెవరు? దిగులుతో శివపార్వతికి అన్నం సయించడం లేదు.

చింతపండు గిన్నె మర్నాడు తిరిగొచ్చింది, ఎదురింటికి!

గిన్నె మీద 'శివపార్వతి' అని గుండ్రటి అక్షరాలతో చెక్కించి ఉంది. సంపూర్ణమ్మ దాన్ని తెచ్చి శివపార్వతి గుమ్మం ముందు చెప్పుల స్టాండు పక్కన ఠక్కున పెట్టి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత సంపూర్ణమ్మ దగ్గర అడిగి తీసుకున్న జల్లెడని తెచ్చి శివపార్వతి చేతిలో పెట్టారాయన. ఆమె దాన్ని ఎదురు తలుపు గొళ్ళేనికి తగిలించి వచ్చింది.

"కాస్త చూసుకోవద్దుటండీ? పేర్లు చెక్కించుకుంది అందం కోసమా?" అని కసిరింది.

"పెద్దవాణ్ణయిపోయానమ్మా," అన్నారాయన తల గోక్కుంటూ.

"మతి పోయింది, పాడు," అని ఆయనకి వినపడేట్టే గొణిగింది.

శనివారం ఇంటికి చుట్టాలొస్తున్నారని ఆయన రెండిళ్ళలోనూ చెరో కుక్కరు అడిగారు. ఇద్దరూ కాదనలేక ఇచ్చారు. ఆదివారం సాయంత్రం ఆయన వాటిని గుడ్డసంచుల్లో పెట్టి ఎవరిది వాళ్ళకే అప్పగించారు.

'హమ్మయ్య, ఈసారి గుర్తుపెట్టుకున్నాడు,' అనుకుంది శివపార్వతి.

సోమవారం ఏడున్నర. మొగుడి క్యారేజీకి టైమవుతోంది. పప్పు కడిగి పెట్టి మూత బిగిస్తే ఎంతకీ పట్టదే! తిప్పింది, నొక్కింది, తిట్టింది. చూస్తే ఆమెది మూడు లీటర్ల కుక్కరు, చేతిలో ఉన్నది ఐదు లీటర్ల మూత.

విసురుగా వీధి తలుపు తీసింది.

ఎదురు తలుపూ అప్పుడే తెరుచుకుంది. సంపూర్ణమ్మ చేతిలో చిన్న మూత!

"అది... నాది," అంది శివపార్వతి.

"నాది నీ దగ్గరుందిగా, ఇటివ్వు. మీ బావగారికి ఆఫీసు టైమైంది."

"మా ఇంట్లో మాత్రం సెలవా అక్కా?"

అక్కా అనేసింది! నోరు జారిన మాటని వెనక్కి లాక్కోలేక అలాగే నిలబడిపోయింది.

సంపూర్ణమ్మకి నవ్వాగలేదు. "ఆ ముసలాయన మనిద్దరికీ పిచ్చెక్కించేట్టున్నాడే!"

శివపార్వతికి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. లోపలికి పరిగెత్తి కుంకుమ భరిణె తెచ్చింది. నాలుగడుగులూ తనే వేసింది.

"తప్పయిపోయింది అక్కా. కీర్తన పెళ్ళికి మీరంతా రావాలి," అని బొట్టు పెట్టింది.

"రాకేం చేస్తానే? అది నా చేతుల్లో పెరిగిన పిల్ల," అంటూ సంపూర్ణమ్మ కళ్ళొత్తుకుంది.

ఆ పూట రెండిళ్ళలోనూ కుక్కరు కూత వినపడలేదు. అన్నదమ్ములు హోటల్లో తిన్నారు.

సాయంత్రం తోటికోడళ్ళిద్దరూ శుభలేఖ, స్వీటు డబ్బా పట్టుకుని యేసుకుమార్ తలుపు కొట్టారు.

"నాన్నగారు మధ్యాహ్నమే గన్నవరంలో విమానం ఎక్కేశారండీ. మళ్ళీ ఆ దీవులకే. ఈ వయసులో ఇంక తిరిగి రాలేనన్నారు."

శివపార్వతికి కసిరిన మాటలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. ఒక్క మాట, క్షమించమని చెప్పుకునే వీలు కూడా లేకపోయింది.

"అంత మతిమరుపు మనిషిని ఒంటరిగా ఎలా పంపావు బాబూ?"

"మతిమరుపా! మా నాన్నకా?" యేసుకుమార్ తెల్లబోయాడు. "ఏ దీవిలో ఎవరింటి చెంచా ఎవరింట్లో ఇచ్చారో ఇప్పటికీ వరసగా చెబుతారండీ."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మరి... అక్కడ ఆయన చేసే పనేంటి?"

"ఎదురెదురుగా ఉండి కూడా మాటల్లేని దీవులు అక్కడ బోలెడండీ, వాటిని కలపడానికే నలభై ఏళ్ళుగా అక్కడివాళ్ళు పడవ పంపి మరీ నాన్నని పిలిపించుకుంటున్నారు, ఇవాళ వెళ్ళిందీ అందుకే."