మూడో బడి

“ఇంతకన్నా మంచి బడి ఈ మండలంలో యాడా దొరకదమ్మా. మిగతావి సూసేది కూడా దండగ.”

నందవరం పెద్ద బడి ముందు ఆటో ఆపి ఖండితంగా చెప్పాడు ఉరుకుందు. వెనక సీట్లోని రేణుక నవ్వి, చేతిలో నోటుపుస్తకంతో లోపలికి వెళ్ళింది.

ఆమె పొద్దున ఎమ్మిగనూరు బస్టాండులో ఎక్కింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. సొంతూరు ఆస్పరి పక్క పల్లె అనీ, ఇక్కడి సర్కారు బడులు మూడు పోల్చి చూసి రెండు రోజుల్లో ఒకటి ఎంచుకోవాలనీ చెప్పింది. పిల్లవాడు ఏ క్లాసని ఉరుకుందు అడిగితే, ఒకటి నుంచి ఐదు దాకా అన్నీ చూడాలంది. తల్లి కదా, ముందుచూపు ఎక్కువ అనుకున్నాడతను. పన్నెండేళ్ళుగా ఆటో తోలుతున్నా, బడి కోసం బండి మాట్లాడుకున్న మనిషిని చూడటం ఇదే మొదలు. అతనికీ హుషారు పుట్టింది.

అరగంట తర్వాత రేణుక బయటికొచ్చింది. హెడ్మాస్టరు గేటు దాకా వచ్చి సాగనంపాడు. ఐదుగురు టీచర్లు, నూట ముప్పైమంది పిల్లలు, గోడకు పెద్ద టీవీ, నీళ్ళొచ్చే మరుగుదొడ్లు. ఇంత చూసినా ఆమె ముఖంలో ఉత్సాహం లేదు.

“బంగారట్లుంది బడి. ఈడ నాకేం పనిలేదు, పోదాం పా అన్నా.”

బంగారంలాంటి బడి వద్దనే తల్లి ఉంటుందా? ఉరుకుందుకు అర్థం కాలేదు.

రెండో బడి ఎర్రబావిలో. ఈసారి అతనూ వెంట వెళ్ళాడు. కిటికీల్లోంచి తొంగి చూసి, తలలు లెక్కపెట్టి, వంటగదిలో గుడ్ల గిన్నె మూత ఎత్తి చూసి మరీ వచ్చాడు. టీచర్లు ఇద్దరు, పిల్లలు అరవైమంది, గుడ్లు సరిగ్గా ఉడికాయి అని రేణుకకు అప్పజెప్పాడు. ఆమె మాత్రం అక్కడి టీచరును ఒకే మాట అడిగింది. పత్తి ఏరడానికి ఊళ్ళకు ఊళ్ళు సుగ్గికని వలస పోయేటప్పుడు పిల్లలనూ తీసుకుపోతారా అని. నిరుడు ఐదుగురు పోయారనీ, ఈసారి వాళ్ళను అవ్వల దగ్గర ఉంచేట్టు ఒప్పించామనీ టీచరు చెప్పింది. రేణుక అది రాసుకుని, మూడో ఊరి పేరు చదివింది. గంగులకుంట.

ఉరుకుందు హుషారంతా జారిపోయింది. అది అతని ఊరే. కూతురు భవ్యశ్రీ అక్కడే మూడో తరగతి.

“ఆడికొద్దమ్మా” అన్నాడు. జూన్‌లో టీచరు బదిలీ మీద పోయాక కొత్తవాళ్ళెవరూ రాలేదని, వారానికి మూడు రోజులు పక్క ఊరి నుంచి ఎవరో ఒకరు వచ్చి పోతారని చెప్పాడు. రేణుక వినలేదు. పైగా తొందరపెట్టింది.

గంగులకుంట బడిలో ఆ రోజు టీచరు లేరు. వంట చేసే చౌడమ్మ ఐదు తరగతుల పిల్లలను ఒకే గదిలో కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పిస్తోంది. పాతికమందికి పంతొమ్మిదిమందే వచ్చారు. మిగిలిన ఆరుగురూ సుగ్గికి పోయారని ఆమె చెప్పింది.

నాన్నను చూసి భవ్యశ్రీ ఎగిరి గంతేసింది. “మా పాప సదువుతాది సూడమ్మా” అని ఉరుకుందు పుస్తకం తెరిచి కూతురి చేతికిచ్చాడు. పాప వేలు పెట్టి పాఠం గడగడా చదివింది. ఉరుకుందు ఛాతీ పొంగింది. రేణుక మెల్లగా రెండు పేజీలు తిప్పింది. పాప వేలు కొత్త పేజీ మీద కదులుతోంది, నోరు మాత్రం పాత పాఠాన్నే చదువుతోంది.

గదిలో అందరికన్నా ఆలస్యంగా అర్థమైంది ఉరుకుందుకే. అతను తల పక్కకు తిప్పుకున్నాడు. రేణుక పాప పక్కన నేల మీద కూర్చుంది. ఒక్కో అక్షరం మీద వేలు ఆనించి, కలిపి పలికించింది. కాసేపటికి పాప ఒక్క మాటను తనంతట తాను చదివి, నమ్మలేనట్టు తండ్రి వైపు చూసింది. ఎండ దిగేదాకా రేణుక కదల్లేదు. ఆటో ఎక్కేటప్పుడు ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. పొద్దుటి నుంచి లేని సంబరం అప్పుడొచ్చింది.

“పాపను నందవరం బడికి మార్పిస్తానమ్మా. దినామూ నేనే ఆటోలో తోల్కపోతా” అన్నాడు ఉరుకుందు దారిలో.

“ఒక పది దినాలు ఆగన్నా” అంది రేణుక.

ఎందుకో చెప్పలేదు. తన కొడుకునూ పెద్ద బడిలోనే వేస్తుందేమో, ఇద్దరినీ ఒకే ఆటోలో తీసుకుపోవచ్చని ఉరుకుందు ఆశపడ్డాడు. దిగేటప్పుడు తన నంబరు తీసుకుంది కదా అని, ఆమె ఫోను కోసం ఎదురుచూశాడు. భార్య హనుమక్కను ఒప్పించాడు, నందవరం వెళ్ళి సీటు అడిగాడు, టీసీ తెమ్మన్నారు. రోజూ రాత్రి పాపకు తనకొచ్చిన అక్షరాలు దిద్దించాడు. పది రోజులైనా ఫోను రాలేదు.

పదకొండో రోజు సోమవారం. టీసీ కోసం రాయించిన అర్జీ జేబులో పెట్టుకుని, కూతురి చేయి పట్టుకుని బడికి వెళ్ళాడు. వరండాలో రేణుక నిలబడి ఉంది. మూడు బడులు చూపిస్తే పోయి పోయి ఈ బడినా ఎంచుకుంది!

“ఈడ సేర్పించొద్దమ్మా” అన్నాడు ఆత్రంగా. “నీ కొడుకు బతుకు పాడైపోతాది. మా పాపనే తీసేస్తాండా. ఇద్దర్నీ కల్సి నందవరంలో ఏద్దాం పా.”

“నాకింకా పెండ్లే కాలేదన్నా” అంది రేణుక.

ఉరుకుందు గబగబా జేబులోంచి అర్జీ తీశాడు. ఈ పొద్దు ఏ టీచరొచ్చినారో చెప్తే ఈ కాయితం ఇచ్చి పోతానన్నాడు.

“నాకే ఇయ్యన్నా, ఈ బడికి కొత్త టీచర్ను నేనే.”