నడిమి ముక్క

"చేత్తో కుట్టే బొంతలు రెండుసార్లు ఉతికితే ఊడొస్తాండాయి. నీ మిషను కుట్టు గట్టిదని ఇంత దూరం వచ్చినాం శివమ్మా. కుట్టు మాత్రమే నీది. నీ గుడ్డ పేలిక ఒక్కటి కూడా దీంట్లో కలవగూడదు. ముందే చెప్తాండా."

దేవమ్మకు మొహమాటం తెలియదు. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు పెట్రోలు కరువుకు బొగ్గుతో నడుపుతున్న బస్సులో పొగ మింగుతూ వచ్చిన మనిషి. పక్కనే కోడలు లూదియా, ఏడు నెలల కడుపుతో, చంకలో మూటతో నిలబడి ఉంది.

మూటనిండా పాత చీరల ముక్కలే. లూదియాకు ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. ఈసారి బిడ్డ దక్కాలంటే, కన్న బిడ్డలందరూ బతికున్న తల్లుల దగ్గర చీరముక్కలు అడుక్కొచ్చి బొంత కుట్టించి, దాని మీద పడుకోబెట్టాలి. ఆ పక్క ఆడవాళ్ళ నమ్మకం అది. దేవమ్మ రుద్రవరం, దొర్నిపాడు దాకా తిరిగి ఇంటింటా అడుక్కొచ్చింది. కొడుకు బడిపంతులు. ప్రార్థన చేసుకుంటే చాలదా అమ్మా అన్నాడు. "ప్రార్థనా చేస్తాం, బొంతా కుట్టిస్తాం. నీదేం పాయ?" అని వాడి నోరు మూయించింది.

గొడ్రాలి గుడ్డ కలిస్తే మాత్రం మొత్తం చెడుతుందట. శివమ్మ మొగుడు పెళ్ళైన ఏడాదికే పోయాడు. ఆమెను గొడ్రాలనని వాళ్ళు నంద్యాలలో లేరు.

"అట్లే కానీలే దేవమ్మా," అంది శివమ్మ. ఆ మాట పడటం ఆమెకేం కొత్త కాదు.

లూదియా మూటలోంచి ఒక ముక్క విడిగా తీసింది. ఎర్రగళ్ళ నేతగుడ్డ, బాగా వెలిసిపోయింది. నేసినవాడి పొరపాటేమో, గళ్ళ మధ్య ఒకే ఒక్క పసుప్పచ్చ పోగు పొడుగునా పడింది.

"ఇది నడిమిట్లో పెట్టు పెద్దమ్మా. బిడ్డ తల దీని మీదే ఉండల్ల. పైలం."

"ఇదెవరిచ్చినారు?"

"నాదే," అంది లూదియా.

వాళ్ళు వెళ్ళాక శివమ్మ, లోపలికని దేవమ్మ విడిగా ఇచ్చిపోయిన పాత పంచెలు పొరలుగా పరిచింది. ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేసింది. ముడతలు పోకపోతే అంత మందం మిషను కింద సాగదు. ముక్కలన్నీ అయ్యాక ఎర్రగళ్ళది ముందుకు లాక్కుంది. దాని మీద ఇస్త్రీపెట్టె ఆనించి అలాగే ఉండిపోయింది. ఎంత పనిమంతురాలు! కమురు వాసన కొట్టేదాకా ఆ చెయ్యి కదల్లేదు.

గుడ్డ మీద ఇంత మచ్చ. వేలు ఆనిస్తే చిల్లు పడింది.

అయ్యో దేవుడా! శివమ్మ తల పట్టుకుంది. అసలే యుద్ధం రోజులు. కొత్తగుడ్డకే కంట్రోలు, అలాంటి పాతగుడ్డ ఎక్కడని వెతకాలి? సాయంత్రం దాకా కూర్చుంది. చివరికి లేచి తన ట్రంకుపెట్టె తెరిచి, అడుగునున్న చీరలోంచి ఒక ముక్క కత్తిరించింది. ఒకప్పుడు చేసిన పాపం చాలదా, ఇప్పుడిది కూడానా అని తనను తానే తిట్టుకుంది. తిట్టుకుంటూనే దాన్ని నడుమ పెట్టి మిషను తొక్కింది.

బొంత కోసం వచ్చిన లూదియా ఆ ముక్కను తడిమి తడిమి మురిసిపోయింది. తేడా పోల్చలేదు. ఆ ముఖం చూడలేక శివమ్మ సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకుంది. అప్పుడే చెప్పేస్తే పోయేది.

మగబిడ్డ పుట్టాడని కబురు తెలిసింది. శివమ్మకు కాస్త అన్నం సయించింది. ఆ ముచ్చట ఎన్నాళ్ళో నిలవలేదు. ఆళ్లగడ్డ నుంచి రవికె కుట్టించుకోవడానికి వచ్చిన బాలమ్మ, ఆ మాటా ఈ మాటా చెబుతూ, "ఆ పంతులు కొడుక్కి జరమంట మే. పాలు గూడా తాగడంల్యా. వీడూ దక్కేట్టు లేడు," అంది.

శివమ్మ సగం కుట్టిన రవికె మిషను మీదే వదిలేసి బస్సెక్కింది. సంచిలో కత్తెర, కాలిన ముక్క. నా గుడ్డే, నా పాపమే ఆ పసివాణ్ణి తింటోందని దారిపొడుగునా కుమిలిపోయింది.

బిడ్డ బొంత మీదే ఉన్నాడు. శివమ్మ గడపలోనే సంచిలోంచి కాలిన ముక్క తీసింది.

"లూదియమ్మా, నీ ముక్క నేను కాల్చేసినా. ఇదో సూడు. ఆ నడిమిట్లో ఉండేది నా చీర. బిడ్డనెత్తుకో తల్లీ, ఇప్పుడే విప్పదీసేస్తా."

దేవమ్మ గుండెలు బాదుకుంది. "ఏందీ! గొడ్రాలి గుడ్డ మీదనా నా మనవణ్ణి పండబెట్టింది? నీకేం అన్యాయం చేసినాం మే మేము?"

శివమ్మ బొంత దగ్గరికి జరిగింది. కత్తెర తీసింది.

"ఉండత్తా. అరసాకు. పొద్దున్నే జరం ఇడిసింది, ఇప్పుడే పాలు తాగి పండుకున్నాడు," అంది లూదియా. కాలిన ముక్క అందుకుని, బిడ్డ తల పక్కన, బొంతలోని ముక్కకు ఆనించి చూసింది. గళ్ళకు గళ్ళు సరిపోయాయి. దీంట్లోని పసుప్పచ్చ పోగు తిన్నగా దాంట్లోకి సాగింది.

లూదియా మెల్లగా తలెత్తింది.

"పెద్దమ్మా, ఇది అంగట్లో దొరికే గుడ్డ గాదు. మా యమ్మ నన్ను దీంట్లోనే సుట్టి, నంద్యాల మిషన్ ఆసుపత్రి గేటు కాడ పెట్టిపోయిందంట. నన్ను సాకిన దొరసాని దాచి ఇచ్చింది. దీని జోడు నీకాడికి యాడిదీ?"

కట్టుకున్న చీరను రెండుగా చింపి, ఒక సగం పొత్తిళ్ళలోని బిడ్డకు చుట్టి, రెండో సగం ఇన్నేళ్ళూ పెట్టె అడుగున దాచుకున్న శివమ్మ చేతిలోంచి కత్తెర జారిపోయింది.