గడప దాటని నూనె

"డ్రమ్ము బయటికి దొర్లియ్యున్రి!" అంటూ హవల్దార్ దుర్గయ్య శంకరవ్వ ఇంట్లోకి కాలు పెట్టబోయాడు. వెనకాల తుపాకులతో నలుగురు జవాన్లు.

"ఆగు కొడుకా." శంకరవ్వ అప్పుడే గడప దగ్గర దీపం పెట్టింది, ఇంకా లేవలేదు. "దీపాలు పెట్టినంక ఇంట్ల నూనె గడప దాటద్దు. మీ అవ్వ నీకు చెప్పలేదా?"

"గది వంటనూనెకు అవ్వా. నేనడిగేది డీజిల్. మొన్న మీ సాంచాల షెడ్డుల డ్రమ్ము దించంగ మా సెంట్రీ చూసిండు."

"డీజిల్ నూనె గాకుంటె నీళ్ళా?"

తలుపు చాటు నుంచి కోడలు నీల అంతా వింటోంది. వాళ్ళ మరమగ్గాల షెడ్డు గోడ అవతలే పోలీసు బలగాల సరుకుల డిపో. పొద్దున కోరుట్ల తొవ్వలో నక్సలైటు అన్నలు కల్వర్టు పేల్చారు. డిపోకు రావలసిన డీజిల్ లారీ అక్కడే ఆగిపోయింది. సిరిసిల్ల అంతా కరెంటు లేదు. డ్రమ్ము ఇవ్వకపోతే వీళ్ళు తంతారు. ఇస్తే అన్నలు బతకనివ్వరు. డిపోకు చుక్క డీజిల్ ఇచ్చినా శిక్ష తప్పదని వీధి చివర గోడ మీద ఎర్రగా రాసి ఉంది.

దుర్గయ్య గొంతు తగ్గింది. "మా జవాను పిలగాడు డిపోల బల్ల మీదున్నడవ్వా. కడుపుల ఇనుప ముక్కలు. డాక్టరు కోసిండు, ఇంక కుట్టలె. టార్చిలైటు పట్టుకున్నం. గది గూడ సచ్చిపోతాంది."

శంకరవ్వ రెపరెపలాడుతున్న దీపానికి అరచెయ్యి అడ్డం పెట్టింది. అది నిలబడ్డాక లేచింది.

"రాజం!" కొడుకును కేకేసింది. "డ్రమ్ముల డీజిల్ మన జనరేటర్ల పొయ్యి. సాంచాలు బందువెట్టి, వైరు గోడ మీదికెళ్ళి డిపోలకు ఇయ్యి. నూనె గడప దాటద్దు గని, ఎలుగు దాటితె లక్ష్మి అలుగుతదా?"

షెడ్డులో జనరేటర్ దడదడలాడింది. గోడ అవతల కిటికీ భగ్గున తెల్లబడింది. దుర్గయ్య రెండు చేతులూ జోడించాడు, భుజం మీది తుపాకీ జారుతున్నా చూసుకోలేదు. వెళ్ళేటప్పుడు జవాన్లు దీపాన్ని తప్పించుకుంటూ, ఒక్కొక్కరే పక్కకు జరిగి నడిచారు.

నీల అత్తను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. గుప్పెడు దీపంతో ఇన్ని తుపాకులను ఆపింది, మళ్ళీ వాళ్ళకే వెలుగిచ్చింది!

"అత్తా, అన్నలకేం చెప్తవ్? మన డీజిల్ మన షెడ్డుల కాలుతాందంటవా?"

శంకరవ్వ ఆ తెల్లటి కిటికీనే చూస్తూ మెల్లగా అంది.

"మనదేడిది బిడ్డా? గా డిపోను తగలవెట్టెతందుకు వాళ్ళు మన షెడ్డుల దాపెట్టిన డీజిలే గది."